వాన మొహం చూడని ఫ్రేముకు ఇంత తుప్పెలా పట్టింది?

"అన్నా, ఇది వాన మొహం చూసి రెండేళ్లయింది. గదిలోంచి బయటికే తీయలేదు. అయినా ఇంత తుప్పా!"

మరమ్మతుకని నా దగ్గర సైకిల్ దించుతూనే దాని యజమాని అన్న మాట ఇది. అబద్ధం కాదని టైర్లు చూస్తేనే తెలిసిపోయింది. ముందు టైరు మీద ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సన్నటి రబ్బరు వెంట్రుకలు ఇంకా అలాగే ఉన్నాయి. వెనక టైరు మాత్రం నడుమ బల్లపరుపుగా అరిగి నున్నబడింది. ఇండోర్ ట్రైనర్ మీద, అంటే సైకిల్‌ను నిలిచినచోటే తొక్కేలా పట్టి ఉంచే స్టాండు మీద బిగించి, రోజూ గంట చొప్పున తొక్కిన బండి.

ఫ్రేము మంచి రకం. 4130 క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన స్టీలు), టిగ్ వెల్డింగ్, డబుల్ బటెడ్ గొట్టాలు. బటెడ్ అంటే గొట్టం పొడుగునా ఒకే మందం ఉండదు. ఈ ఫ్రేములో టాప్ ట్యూబ్, అంటే సీటు నుంచి హ్యాండిల్ వైపు పోయే పై గొట్టం, రెండు చివర్లా 0.8 మి.మీ., నడుమ 0.5 మి.మీ. మాత్రమే. బరువు తగ్గించడానికి చేసే ఏర్పాటు అది. తుప్పు కేసులో మాత్రం ఈ అంకెలే నాకు నిద్ర పట్టనివ్వవు. మామూలు మందపాటి స్టీలు సైకిల్లో 0.2 మి.మీ. గుంట పడితే పెద్దగా లెక్కలోకి రాదు. అదే గుంట ఇక్కడ నడుమ భాగంలో పడితే గోడలో నలభై శాతం పోయినట్టే.

"క్రోమోలీ అంటే క్రోమియం ఉన్నట్టేగా, తుప్పు పట్టదనుకున్నా" అన్నారాయన. చాలామంది అనుకునేదే. 4130లో క్రోమియం ఇంచుమించు 1 శాతమే. స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే కనీసం 10.5 శాతం ఉండాలి. ఇక్కడున్న క్రోమియం బలం కోసం వేసింది, తుప్పు ఆపడానికి కాదు.

తుప్పు పటం

తుప్పు కనబడగానే ఎమరీ పేపర్ అందుకోవడం నాకు అలవాటు లేదు. ముందు కాగితం మీద ఫ్రేము బొమ్మ గీసి, తుప్పు ఉన్నచోటల్లా పెన్సిల్‌తో నల్లగా దిద్దుతాను. ఐదు నిమిషాల పని. నీళ్లు ఎటునుంచి వచ్చాయో ఆ బొమ్మే చెప్పేస్తుంది.

వానలో తిరిగే బండికి తుప్పు కింది నుంచి పడుతుంది. ముందు చక్రం ఎగజిమ్మే నీళ్లకు డౌన్ ట్యూబ్ (హ్యాండిల్ నుంచి పెడల్స్ దాకా వాలే గొట్టం) అడుగు భాగం, వెనక చక్రం దెబ్బకు చెయిన్ స్టేల (పెడల్స్ నుంచి వెనక చక్రానికి పోయే జంట గొట్టాల) మధ్య ఉండే బ్రిడ్జి, బాటమ్ బ్రాకెట్ (పెడల్స్ ఇరుసు తిరిగే డబ్బా) అడుగు ముందుగా పోతాయి. ఈ బొమ్మ దానికి పూర్తిగా తలకిందులు. టాప్ ట్యూబ్ పై వైపు, అదీ ముందు భాగంలోనే. కేబుల్ క్లిప్పుల కింద. హ్యాండిల్ తిరిగే బేరింగు, అంటే హెడ్‌సెట్, పై కప్పు చుట్టూ. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ బోల్టుల తలల మీద. సీటు క్లాంపు దగ్గర. డౌన్ ట్యూబ్ పై ముఖం మీద చారలు చారలుగా. అడుగు వైపు మాత్రం పెయింటు అద్దంలా మెరుస్తోంది. అంటే నీళ్లు పైనుంచి కారాయి. గదిలో పైనుంచి కారేదేముంది? చెమటే.

చెమటను మామూలు నీళ్లతో పోల్చకూడదు. అందులో ఉప్పు ఉంది. ఉప్పు కరిగిన నీటిలో కరెంటు తేలిగ్గా పారుతుంది. తుప్పు కూడా ఇనుము, నీరు, ఆక్సిజన్ మధ్య నడిచే చిన్న బ్యాటరీ లాంటిదే కాబట్టి దాని పని జోరందుకుంటుంది. అంతకన్నా పెద్ద తంటా ఏమిటంటే, ఉప్పు తనంతట తాను గాల్లోని తేమను లాగేసుకుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు రవ్వ కరిగి నీటి పొర అవుతుంది. తలుపులు మూసిన గదిలో మనిషి గంటసేపు చెమటలు కక్కుతూ తొక్కితే ఆ తేమ రావడం ఎంతసేపు? చుక్క నీళ్లు పోయకపోయినా ఉప్పంటిన చోట లోహం తడిగానే ఉంటుంది.

"మరి తుడిచేవారు కాదా?" అని అడిగితే అసలు విషయం బయటపడింది. తుడవడం లేదట, నెలకోసారి బాత్రూమ్‌లోకి తీసుకెళ్లి నిలబెట్టి, షవర్ కింద కడిగేవారట. వాన మొహం చూడకపోతేనేం, షవర్ మొహం బాగానే చూసింది! పైన ఉప్పు కొంత పోయి ఉంటుంది, మంచిదే. కానీ షవర్ నీళ్లు సీట్ ట్యూబ్ (సీటు కింది నిలువు గొట్టం) వెనక ఉండే చీలికలోంచి నేరుగా లోపలికి దిగుతాయి. దిగినవి బాటమ్ బ్రాకెట్ డబ్బాలో చేరి కూర్చుంటాయి. ఈ ఫ్రేముకు అడుగున నీళ్లు పోయే రంధ్రం కూడా లేదు.

విప్పడం

సీటును మోసే కడ్డీ, అంటే సీట్ పోస్ట్, కదల్లేదు. స్టీలు గొట్టంలో అల్యూమినియం పోస్టు, గ్రీజు లేకుండా, పైనుంచి ఉప్పు నీళ్లు. రెండు లోహాల మధ్య తగువు పెట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఈ జోడీలో అరిగేది అల్యూమినియమే. అరిగి తెల్లటి బూడిదలా మారుతుంది, ఆ బూడిద ఉబ్బి సందునంతా బిగదీస్తుంది.

చాలామంది ఇక్కడ సీట్ ట్యూబును మంటతో కాలుస్తారు. నేను కాల్చను. పెయింటు మాడటం ఒక కారణం. రెండోది, వేడికి అల్యూమినియం స్టీలు కన్నా దాదాపు రెండింతలు సాగుతుంది. వేడి లోపలి పోస్టుకు పాకిందంటే అది ఇంకా బిగుస్తుంది. చల్లబరిస్తే మాత్రం అదే లెక్క మనకు కలిసొస్తుంది. నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం సందులోకి పెనెట్రేటింగ్ ఆయిల్ వదిలాను. ఫ్రేమును తలకిందులు చేసి కింది నుంచి కూడా పోశాను. ఐదో రోజు పోస్టు గొట్టంలోకి ఐసు ముక్కలు కూరి, పది నిమిషాలు ఆగి, పోస్టు తలను వైసులో బిగించి ఫ్రేమునే మీటలా పట్టుకుని అటూ ఇటూ తిప్పాను. మొదట తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు. ఫ్రేము విరిగిందేమోనని గుండె జారింది. విరగలేదు, పోస్టు వదిలింది. తిప్పుతూ లాగితే తెల్లటి పొడి రాలుతూ బయటికొచ్చింది. ఆ పోస్టును మళ్లీ వాడనివ్వలేదు.

బాటమ్ బ్రాకెట్ 68 మి.మీ. ఇంగ్లిష్ థ్రెడ్. ఇందులో కుడి వైపు కప్పుకు ఎడమ మర ఉంటుంది, అంటే విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిప్పాలి. ఇది తెలియక బలంకొద్దీ బిగించి థ్రెడ్ పాడుచేసుకున్న ఫ్రేములు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. కప్పు ఊడగానే ఎర్రమట్టి నీళ్లు భళ్లున కారాయి. వెనకే పెచ్చులు. సన్నటి కెమెరా పంపి చూస్తే సీట్ ట్యూబ్ అడుగు రెండంగుళాల మేర గోధుమరంగు పొర కనబడింది. అక్కడి పొరను గీకి సూది మొనతో గట్టిగా నొక్కుతూ పోయాను. ఎక్కడా దిగలేదు. బయటినుంచి స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వచ్చాను. ఖంగుమనే శబ్దం ఎక్కడా చచ్చుబడలేదు. లోపలిది పైపై తుప్పే.

ఉంచాలా, పారేయాలా

బయట టాప్ ట్యూబ్ సంగతి వేరు. కేబుల్ క్లిప్పు తీస్తే దాని కింద పెయింటు పొక్కులుగా లేచి ఉంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కన్నా ఎన్నో రెట్లు చోటు తీసుకుంటుంది, అందుకే పెయింటును కిందినుంచి పైకి తంతుంది. పొక్కు చిటికెన వేలి గోరంత ఉంటే కింద తుప్పు బొటనవేలంత ఉంటుందని నా అనుభవం. గీకి చూస్తే గుంటలు. వంపు మీద గుంట లోతు కొలవడం కష్టం. ఎపాక్సీ పుట్టీని చిన్న ముద్ద చేసి, గుంటలో ఒత్తి, గట్టిపడ్డాక ఊడదీసి, ముద్ద మీద లేచిన బుడిపె ఎత్తును మైక్రోమీటర్‌తో చూశాను. అన్నిటికన్నా లోతైనది 0.2 మి.మీ.

అది గొట్టం ముందు చివర, మందం 0.8 ఉన్న భాగంలో పడింది. పోయినదాన్ని తీసేస్తే 0.6 మిగిలింది, గొట్టం నడుమ కొత్తగా ఉన్నప్పటి మందం కన్నా ఎక్కువే. హమ్మయ్య అనుకుని వదిలేయడానికి లేదు. చివర్లలో మందం ఊరికే పెట్టరు, ఒత్తిడి అక్కడ ఎక్కువ కాబట్టి పెడతారు. పైగా గుంట అంచు పగులుకు మొదలు కాగలదు. అయినా ఇది టాప్ ట్యూబ్, వెల్డింగుకు నాలుగు వేళ్ల దూరం, గుంట వాలుగా ఉందే తప్ప కోసుగా లేదు. ఇదే గుంట డౌన్ ట్యూబ్ అడుగున, హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఉండే ముందు గొట్టం) వెల్డింగు పక్కన ఉంటే నేను పని ఒప్పుకునేవాణ్ణి కాదు. తొక్కేటప్పుడు ఆ చోటు సాగుతూ ఉంటుంది, అక్కడ పగులు పుడితే ఫ్రేము ముందు భాగం విడిపోతుంది. ఈ తేడా ఆయనకు బొమ్మ గీసి చెప్పాను. ఉంచుదామన్నారు.

మొదటి ప్రయత్నం, నా తప్పు

తొందరపడ్డాను. వైర్ బ్రష్‌తో పెచ్చులు రాల్చి, 120 నంబరు ఎమరీతో రుద్ది, తర్వాత 220, అంచులు కలిసేలా 320. లోహం తెల్లగా మెరిసింది. గుంటల అడుగున మిగిలిన నల్ల చుక్కల మీద తుప్పును మార్చే ఫాస్ఫోరిక్ యాసిడ్ ద్రావణం రాసి, ఆరాక కడిగి ఆరబెట్టి, ప్రైమర్, పెయింటు వేసి ఇచ్చేశాను. వాన బండ్లకు ఎన్నోసార్లు చేసిన పని, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

మూడు వారాలకు ఆయన ఫోటో పంపారు. సరిగ్గా అదే చోట ఆవగింజలంత బుడగలు నాలుగు.

తుప్పు తీశాను గానీ ఉప్పు తీయలేదు. ఇది వాన బండి కాదని నా బొమ్మే నాకు చెప్పింది, చేతులు మాత్రం పాత అలవాటునే నడిచాయి. ఉప్పులోని క్లోరైడు గుంటల అడుగుకు చేరి తుప్పు పొర కిందే దాక్కుంటుంది. ఎమరీ దాన్ని తీయదు, అడుగుకు ఇంకా నూరుతుంది. పైన ప్రైమర్ వేస్తే పోదు. పెయింటు గుండా కొద్ది కొద్దిగా దిగే తేమను ఆ ఉప్పు లాక్కుంటుంది, బుడగ లేస్తుంది. మళ్లీ డబ్బు తీసుకోకుండా మొదటినుంచి మొదలుపెట్టాను.

రెండోసారి

పెయింటు మళ్లీ గీకేశాను. ఈసారి ముందు కడగడం. డిస్టిల్డ్ వాటర్ వేడిచేసి, నైలాన్ బ్రష్‌తో గుంటల్లోకి రుద్ది, తుడిచి, మళ్లీ రుద్ది. తర్వాత అవే నీళ్లలో తడిపిన నూలు గుడ్డను గొట్టానికి చుట్టి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి గంటసేపు వదిలాను. గుడ్డ మార్చి మళ్లీ గంట. అలా నాలుగుసార్లు. కుళాయి నీళ్లలో ఎలాగూ కొంత క్లోరైడు ఉంటుంది కాబట్టే డిస్టిల్డ్.

ఆ తర్వాత ఆక్సాలిక్ యాసిడ్. లీటరు గోరువెచ్చటి నీళ్లకు 40 గ్రాములు. అదే గుడ్డ పద్ధతి, ఆరకుండా ప్లాస్టిక్ చుట్టి ఐదు గంటలు. ఇది తుప్పును తింటుంది గానీ మంచి స్టీలు జోలికి పెద్దగా పోదు, చుట్టూ ఉన్న పెయింటును దాదాపు ముట్టదు. విషమే, ఆ సంగతి మరవకూడదు. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. పొడి కలిపేటప్పుడు ముక్కుకు మాస్కు. బ్లీచింగ్ ద్రావణం ఉన్న చోట దీన్ని ముట్టుకోనే వద్దు, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు వస్తుంది. చిన్న భాగాలకు, బోల్టులకు నిమ్మ ఉప్పు కూడా చాలు, కాకపోతే అది నిదానం, మరిచిపోయి వదిలేస్తే లోహాన్నీ కొరుకుతుంది.

హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఎందుకు వాడలేదని ఒకరిద్దరు అడిగారు, నిమిషాల్లో తుప్పు పోతుంది కదా అని. పోతుంది. వెంట స్టీలూ పోతుంది, ఆ ఆవిరికి పక్కనున్న పనిముట్లన్నీ తుప్పు పడతాయి, పైగా మనం తీయాలని తంటాలు పడుతున్న క్లోరైడునే తీసుకొచ్చి మళ్లీ పోస్తుంది. గట్టిదనం ఎక్కువున్న బోల్టులు, స్ప్రింగులను అందులో ముంచితే హైడ్రోజన్ చేరి పెళుసెక్కి విరుగుతాయి కూడా.

గుడ్డ విప్పితే గుంటలు బూడిద రంగులో, చుట్టూ లేత పసుపు పొర. ఆ పసుపు ఐరన్ ఆక్సలేట్, బ్రష్ వేస్తే పోతుంది. లీటరు నీటికి రెండు చెంచాల వంట సోడా కలిపి యాసిడ్ చావగొట్టాను, మళ్లీ డిస్టిల్డ్ నీళ్లు, వెంటనే హెయిర్ డ్రయ్యర్. ఈ "వెంటనే" అన్న మాటలో బద్ధకం పనికిరాదు. యాసిడ్ తగిలిన శుభ్రమైన స్టీలు తడిగా ఉంటే చూస్తుండగానే నారింజ రంగుకు తిరుగుతుంది. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గంటలోపు రెండు భాగాల ఎపాక్సీ ప్రైమర్ మొదటి పూత వేశాను. డబ్బా మీద చెప్పినంత ఆగి రెండోది. ఆ పైన రంగు, ఆ పైన రంగులేని క్లియర్ పూత. పూర్తిగా గట్టిపడటానికి వారం వదిలి, అప్పుడు గానీ కేబుల్ క్లిప్పు బిగించలేదు. క్లిప్పు కింద పారదర్శక ఫిల్మ్ ముక్క వేశాను. అసలు జబ్బు మొదలైందే అక్కడ, క్లిప్పు పెయింటును గీరిన గీతలోంచి.

లోపలి పని

లోపల యాసిడ్ పోయలేదు. ఎందుకంటే సీట్ ట్యూబ్, చెయిన్ స్టేలు బాటమ్ బ్రాకెట్ దగ్గర వెల్డింగు రంధ్రాల ద్వారా కలిసి ఉంటాయి. పోసింది స్టేల చివరికి పోతుంది, అక్కడినుంచి పూర్తిగా కడిగి తీసే దారి లేదు. మిగిలిన యాసిడ్ కన్నా పైపై తుప్పే నయం. పొడుగాటి ట్యూబ్ బ్రష్‌తో రుద్ది, వేడినీళ్లతో మూడుసార్లు కడిగి, ఫ్రేమును హీటర్ ముందు రెండు రోజులు తిప్పుతూ ఆరబెట్టాను.

తర్వాత మైనం కలిసిన క్యావిటీ స్ప్రే, కార్ల తలుపుల లోపల కొట్టేలాంటిది. సన్నటి గొట్టం దూర్చి ప్రతి రంధ్రంలోంచీ కొట్టి, ఫ్రేమును అన్ని వైపులా పొర్లించి, రాత్రంతా వేలాడదీశాను. బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ వాడేవాళ్లున్నారు, అదీ మంచిదే. నేను మానేసింది దాని గుడ్డల భయంతో. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. వాడేవాళ్లు గుడ్డల్ని బయట విడివిడిగా పరిచి ఆరేయాలి. ఇక డబ్ల్యూడీ-40 లోపల కొడితే చాలదా అంటారు. ఆ పేరులో డబ్ల్యూడీ అంటేనే నీటిని తరిమేది అని. తరుముతుంది. అది వదిలే పొర మాత్రం పలచన, ఏళ్ల తరబడి ఉండాల్సిన చోట నేను దాన్ని నమ్మను.

బాటమ్ బ్రాకెట్ డబ్బా అడుగున, వెల్డింగులకు దూరంగా, నడిమధ్య 4 మి.మీ. రంధ్రం వేశాను. వారంటీ ఉన్న ఫ్రేముకైతే ఈ పని చేయకండి, దీనికి అది ఎప్పుడో తీరిపోయింది. రంధ్రం అంచుకు ప్రైమర్ అద్ది, మైనం స్ప్రేతో అది మూసుకుపోకుండా చూసుకున్నాను. థ్రెడ్లకు నిండుగా గ్రీజు. కొత్త సీట్ పోస్టుకు బిగుసుకుపోకుండా ఆపే యాంటీ సీజ్ పేస్టు. సీటు క్లాంపు మీద పాత ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీని తొడిగితే వెనక చీలిక మూసుకుపోయింది. చూడటానికి అందంగా ఉండదు. ఆయన కాస్త మొహం మాడ్చారు, నేను తీయలేదు.

అప్పగించేటప్పుడు షవర్ మాన్పించాను. తొక్కుతున్నంతసేపూ టాప్ ట్యూబ్ మీద, స్టెమ్ మీద తువ్వాలు. దిగాక తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. ట్రైనర్ ముందు ఫ్యాను. మూడు నెలలకోసారి సీట్ పోస్ట్ బయటికి తీసి మళ్లీ పేస్టు. టాప్ ట్యూబ్‌కు నెలకోసారి కారు మైనం. ముందు పొడిగుడ్డ వాడితే ఉప్పు పెయింటును గీరుతుందని రెండుసార్లు చెప్పాను.

ఎనిమిది నెలల తర్వాత

బండి మళ్లీ బల్ల మీదికి వచ్చింది. సీట్ పోస్ట్ చేత్తో తిప్పితే జారింది. బాటమ్ బ్రాకెట్ పొడి, కెమెరాలో సీట్ ట్యూబ్ గోడ మీద మైనం పొర అలాగే ఉంది. టాప్ ట్యూబ్ మీద గుంట చోటును భూతద్దంతో చూశాను, పగులు లేదు, బుడగ లేదు. కొత్త తుప్పు ఒక్కచోటే, స్టెమ్ బోల్టు తల మీద. అల్లెన్ కీ పట్టే గుంటలో చెమట నిలిచిందక్కడ. బోల్టు మార్చి, తల గుంటలో చుక్క గ్రీజు పెట్టాను.

"తువ్వాలు రోజూ వేస్తున్నారా?" అన్నాను.

"దాదాపు" అన్నారాయన.

బొమ్మ కాగితం వెనక్కి తిప్పి, మళ్లీ చూడాల్సిన తేదీ రాసి ఆయన చేతికిచ్చాను.